ఎన్ని సెకన్లండీ?

“పేరు కొట్టి టీ పెట్టుకోవచ్చు సార్. తాగి గ్లాసు కడిగాక పాస్‌వర్డ్ అడుగుతుంది.”

కొన్నేళ్ళ కిందట విజయవాడలోని ఒక మందుల హోల్‌సేల్ సంస్థ నుంచి వచ్చిన ఫోన్ అది. అక్కడి బిల్లింగ్ కుర్రాళ్ళు పొద్దున్నే పుట్టీ అనే ప్రోగ్రాం తెరిచి లినక్స్ సర్వర్‌లోకి వెళ్ళి బిల్లులు కొట్టేవారు. లోపలికి వెళ్ళాక పనంతా చకచకా సాగేది. జాగంతా గుమ్మం దగ్గరే.

అది సొంత పెట్టె కాదు, వర్చువల్ మెషీన్. ఒక పెద్ద యంత్రంలో నలుగురితో పాటు అద్దెకున్న వాటా. అపార్ట్‌మెంట్‌లో కుళాయి సన్నగా వస్తే ముందు పైఅంతస్తు వాళ్ళనే కదా అనుమానిస్తాం! నేనూ అదే చేశాను. ‘టాప్’ కమాండ్ చూపే అంకెల్లో ‘ఎస్‌టీ’ అని ఒకటుంటుంది. మన మెషీన్‌కు సీపీయూ అవసరమైన వేళ హోస్ట్ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ అంకె పెరుగుతుంది. చూస్తే సున్నా. అయినా మనసొప్పలేదు. ర్యామ్‌ను 4 జీబీ నుంచి 8కి పెంచి, రాత్రి రీస్టార్ట్ చేసి, తెల్లారి ఫోన్ చేశాను. “కాస్త నయమేనండీ” అన్నాడా అబ్బాయి. పెద్దవాణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక అన్న మాట అని నాకు వారం తర్వాత గానీ అర్థం కాలేదు.

నాకు పని నేర్పిన పెద్దాయనకు ఈ గోడు చెప్పుకుంటే ఒకటే అడిగారు: “ఎన్ని సెకన్లయ్యా?”

నా దగ్గర జవాబు లేదు. ‘స్లో’ అన్నారు, ‘స్లో’ అనే విన్నాను. ఆదివారం అర్ధరాత్రి, సర్వర్‌లో ఎవరూ లేనప్పుడు, వాచీ పెట్టుకుని చూశాను. పేరు కొట్టినప్పటి నుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా పది సెకన్లు. సోమవారం పొద్దున రద్దీలో మళ్ళీ చూశాను. అదే పది.

అలసటకు ఇంత కచ్చితమైన లెక్క ఉండదు. పని ఎక్కువై నెమ్మదించిన యంత్రం ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి పదమూడు తీసుకుంటుంది. ఎప్పుడు చూసినా అదే అంకె వస్తోందంటే యంత్రం పనిచేయడం లేదు, ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఎంతసేపు చూడాలో కూడా ఎవరో ముందే రాసిపెట్టారు.

ఆ రాత ఎక్కడుందో తేలడానికి మరో పావుగంట పట్టింది. అది సెంట్‌ఓఎస్ 6. దాని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, వచ్చిన ఐపీ అడ్రస్‌కు పేరేమిటో డీఎన్‌ఎస్‌ను అడిగిగానీ పాస్‌వర్డ్ దగ్గరికి రాదు. ‘యూజ్‌డీఎన్‌ఎస్’ అనే ఆ అలవాటును 2015లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.8 నుంచి మాన్పించారు గానీ ఇది అంతకు ముందుది. ఈ సర్వర్ అడుగుతున్నదేమో పాత ఆఫీసులో ఎప్పుడో ఆపేసిన నేమ్‌సర్వర్‌ను. వర్చువల్ మెషీన్‌ను తరలించడం ఫైలు మోసుకెళ్ళినంత తేలిక. కానీ పాత ఊరి చిరునామాలు కూడా దాని జేబులోనే వస్తాయి. పాత ఆఫీసు నుంచి తెచ్చినప్పుడు ఐపీ మార్చాం, నేమ్‌సర్వర్ చిరునామా మార్చడం మరిచాం. లినక్స్ ఒక నేమ్‌సర్వర్ కోసం మామూలుగా ఐదు సెకన్లు ఆగి, మళ్ళీ ఒకసారి అడుగుతుంది. ఐదు రెళ్ళు పది.

అవతల ఎవరైనా ‘ఇక్కడ ఆ పని చెయ్యం’ అని మొహం మీదే చెప్పినా క్షణంలో తేలిపోయేది. ఉలుకూ పలుకూ లేకపోవడం వల్లే పది సెకన్లు. అప్పు అడగడానికి తలుపు తట్టిన వాడికి తెలుసు ఈ తేడా.

యూజ్‌డీఎన్‌ఎస్‌ను ఆపేస్తే కూడా లాగిన్ బాగుపడేది. కానీ రేపు ఇంకో ప్రోగ్రాం పేరు అడిగితే అక్కడా ఇదే ఎదురుచూపు. అందుకే నేమ్‌సర్వర్ చిరునామానే సరిచేశాను. తర్వాత గడియారం తియ్యనక్కర్లేకపోయింది.

అప్పటి నుంచి ఎవరు ‘స్లో’ అన్నా రెండు ప్రశ్నలు వేస్తాను: ఎన్ని సెకన్లు, పాస్‌వర్డ్‌కు ముందా తర్వాతా? ముందు ఐదో పదో అయితే డీఎన్‌ఎస్ వైపు చూస్తాను. కొత్త లినక్స్‌లో పాస్‌వర్డ్ కొట్టాక సరిగ్గా ఇరవై ఐదు అంటే, ప్రోగ్రాంలు తమలో తాము మాట్లాడుకునే డీబస్‌లో లాగిన్ సర్వీసు బదులు పలకడం లేదేమోనని చూస్తాను. అంకె రోజుకో రకంగా ఉంటేనే డిస్కునీ పక్కవాటాల వాళ్ళనీ అనుమానిస్తాను.

ఇక ఆ అదనపు 4 జీబీ ర్యామ్ సంగతి. దానికి నెలనెలా అద్దె కట్టింది వాళ్ళు. తీసేయమని వాళ్ళు అడగలేదు, తీసేయొచ్చని నేను చెప్పడానికి మూడు నెలలు పట్టింది. ఆ ఆలస్యానికి ఏ టైమవుటూ లేదు. నా మొహమాటమే.