అభిప్రాయముల లెక్కయు, అభిప్రాయముల కూర్పును

ఏ సంస్కారమునుగూర్చి ప్రసంగము వచ్చినను "దీనికి అనుకూలురెందఱు? ప్రతికూలురెందఱు?" అనునదియే మన మొదటి ప్రశ్నయగుచున్నది. తలలు లెక్కించి, ఎక్కువమంది ఔనన్నచో లోకము మాఱినదని సంతసింతుము. కాదన్నచో లోకము మూఢమని నిట్టూర్తుము. జనుల విశ్వాసములను తెలిసికొనుటకు ఈ లెక్క చాలదనియు, ఒక్కొక్క విశ్వాసము తక్కిన విశ్వాసములతో ఎట్లు ముడిపడియున్నదో చూడవలెననియు నిరూపించు గ్రంథమొకటి కలదు. విల్లెం ద్వాజ్, అలెన్ క్లెమాన్స్, ఫాబియో లొరెంజి-చోల్డి అను మువ్వురు పండితులు రచించిన ఆ గ్రంథము 1992లో ఫ్రెంచి భాషయందును, 1993లో 'ది క్వాంటిటేటివ్ అనాలిసిస్ ఆఫ్ సోషల్ రిప్రజెంటేషన్స్' అను పేర ఇంగ్లీషునందును వెలువడెను. గ్రంథము పాతదైనను అది లేవదీసిన ప్రశ్న పాతబడలేదు. కావున దాని గుణదోషములను చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

గ్రంథనామములోని సాంఘిక భావరూపమనునదేమో ముందుగా తెలియవలెను. ఫ్రాయిడు ప్రవర్తింపజేసిన మనోవిశ్లేషణశాస్త్రము ఫ్రాన్సుదేశపు సామాన్యజనుల మనస్సులలో ఏ రూపము తాల్చినదో సెర్జ్ మోస్కోవిచి పరిశోధించి 1961లో ప్రకటించెను. శాస్త్రజ్ఞుని మాట వీథిలోనికి వచ్చునప్పటికి శాస్త్రముగా మిగులదు. వినువారు తాము మునుపెఱిగినదానితో పోల్చుకొని దానిని తమ యింటి వస్తువుగా చేసికొందురు. కొందఱు మనోవిశ్లేషణమును చర్చిలో గురువు నెదుట చేయు పాపనివేదనముతో పోల్చుకొనిరి. విశేషప్రచారముగల పత్రికలు దానినొక విధముగను, కాథలిక్కు పత్రికలొక విధముగను, కమ్యూనిస్టు పత్రికలు మఱియొక విధముగను వర్ణించెను. ఇట్లు ఒక సంఘమువారు ఒక విషయమునుగూర్చి తమలోతాము నిర్మించుకొన్న వాడుక జ్ఞానమే సాంఘిక భావరూపము.

పదిమంది పంచుకొన్న భావమనగా పదిమందియు ఒకటే పలుకుటయని పలువురు తలంతురు. మన గ్రంథకర్తలు దీని నొప్పుకొనరు. ఉమ్మడిగా నుండునది జవాబు కాదు, జవాబులు ఒకదానినొకటి యెదుర్కొను రంగమని వారి మతము. చదరంగమాడు ఇద్దఱు ఒకరినొకరు ఓడింపజూచుచున్నను బల్లయు, పావుల నడకలును ఇద్దఱికి నొక్కటియే కదా! కావున వారు పరిశోధనమును మూడు మెట్లుగా విభజించిరి. ఏ భావము ఏ భావమునకు చేరువయో చూపు ఉమ్మడి పటమును గీయుట మొదటిది. ఆ పటమునందు మనుష్యులు ఏ సూత్రములనుబట్టి వేఱువేఱు తావుల నిలుచుచున్నారో కనుగొనుట రెండవది. ఆ భేదములు వర్గము, మతము, స్త్రీపురుషభేదము మున్నగువానిలో ఎక్కడ వేళ్లూనియున్నవో విచారించుట మూడవది. ఒక్కొక్క మెట్టునకు తగిన గణితసాధనములను వారు ఉదాహరణములతో బోధించిరి.

ఈ గణితము చేయు ఉపకారమెట్టిదో ఒక కల్పితోదాహరణముచే చూపుదుము. ఒక గ్రామమున 100 మందిని మూడు ప్రశ్నలడిగితిమనుకొందము: ఆడపిల్లలకు ఉన్నతవిద్య కావలెనా? వరకట్నము మానవలెనా? కులాంతరవివాహము సమ్మతమా? ప్రతి ప్రశ్నకును 60 మంది ఔననిరి. ఆ 60 మంది మూడింటను వారేయైనచో గ్రామము రెండు పక్షములుగా చీలియున్నదన్నమాట. అట్లుగాక, విద్య కావలెనన్నవాడు కట్నమునుగూర్చి ఏమనునో ముందుగా ఊహింప వీలులేకున్నచో అచ్చట పక్షములే లేవు. లెక్క రెండుచోట్లను 60 యే; గ్రామములు మాత్రము వేఱు. మొదటి గ్రామమున ఒక్క విషయమున మనసు మార్చుటకు మనుష్యుడు తన పక్షమునంతను విడువవలసియుండును. రెండవదానిలో ఒక్కొక్క విషయమును విడివిడిగా చర్చింపవచ్చును. ఒక జవాబు తెలిసినచో మఱియొక జవాబు ఎంతవఱకు తెలియునో కొలుచునదే సహసంబంధగణితము.

ఈ మార్గముననే ద్వాజ్, క్లెమాన్సులు దారియో స్పినీతో కలిసి 1999లో ఒక గొప్ప పరిశోధనమును ప్రకటించిరి. 1948 నాటి సార్వజనీన మానవహక్కుల ప్రకటనలోని 30 అధికరణములనుగూర్చి 35 దేశములలో 6,791 మంది విద్యార్థులను ప్రశ్నించిరి. హక్కునకు సమ్మతింతురా యని మాత్రమే అడిగి ఊరకుండక, దానికై తామెంత పాటుపడుదురో, తమవలన ఏమి కాగలదో, ప్రభుత్వమువలన ఏమి కాగలదో కూడ అడిగిరి. జవాబులనుబట్టి నాలుగు తెగలవారు కనబడిరి: హక్కులను అన్నివిధముల సమర్థించువారు, అన్నిట సంశయించువారు, ప్రభుత్వమునకన్న స్వప్రయత్నమును నమ్మువారు, తమకన్న ప్రభుత్వమును నమ్మువారు. హక్కులు మంచివేనా యని అడిగి విడిచినచో ఈ భేదము బయలుపడియుండునా? తలలెక్కకంటె ఈ పద్ధతి ఎంత మేలో ఇందువలన స్పష్టము.

ఇక దోషములు. పటమును గీయునది గణితమేయైనను పటమునందలి దిక్కులకు పేరు పెట్టువాడు పండితుడు. ఒక కొనను ఉదారమనియు, రెండవ కొనను ఛాందసమనియు పేర్కొన్నచో ఆ పేరు అంకెలనుండి పుట్టినది కాదు. పెట్టినవాని మనసునుండి పుట్టినది. మఱియు, అడుగని ప్రశ్నకు పటములో చోటులేదు.

ఇంతకంటె ముఖ్యమైన లోపము వేఱొకటి. సహసంబంధము భేదమును తిని బ్రదుకునది. భేదము లేనిచోట దానికి చూపు లేదు. మన కల్పితగ్రామమున "వంటపని ఎవరిది?" అని నాలుగవ ప్రశ్న వేయగా 100 మందియు "స్త్రీలది" యనిరనుకొందము. ఆ జవాబునకు తక్కిన ఏ జవాబుతోను సహసంబంధమును గణింప వీలుకాదు. పరిశోధకుడు నిరుపయోగమని ఆ ప్రశ్నను త్రోసివేయును. ఇట్లు గ్రామమునంతను ఏలుచున్న విశ్వాసమే గ్రామవిశ్వాసముల పటమునుండి జాఱిపోవును! ఉమ్మడి భావమును వెదకబోయిన సాధనము సంపూర్ణముగా ఉమ్మడియైన భావమునే కానకుండుట ఎంత వింత!

ఈ లోపమునకు మందు జాన్ క్లోడ్ అబ్రిక్ సిద్ధాంతమున కొంత దొరకుచున్నది. ప్రతి భావరూపమునకు ఒక గర్భముండుననియు, దానిని తీసివేసినచో ఆ వస్తువు ఆ వస్తువుగా ఉండదనియు అతని మతము. ఆదర్శబృందమనగా ఏమని జనులు తలంతురో పరిశోధించి పాస్కల్ మోలినేర్ 1989లో దీనిని పరీక్షించెను. పెద్దచిన్నలు లేకుండుట, అభిప్రాయములు కలియుట అను రెండును ఆదర్శబృందలక్షణములుగా జనులు తఱచుగా చెప్పుచున్నవే. అతడు ఒక్కొక్కటి లేదనుకొమ్మని ప్రశ్నింపగా, అభిప్రాయములు కలియకున్నను అది ఆదర్శబృందమే యని పలువురు ఒప్పుకొనిరి. పెద్దచిన్నలున్నచో మాత్రము కాదనిరి. తఱచుగా వినబడునది వేఱు, తప్పనిసరియైనది వేఱు. "ఇది నిజమా?" అని అడుగుటకు మాఱు "ఇది లేకున్నచో ఏమగును?" అని అడిగినప్పుడే లోపలి కీలు చప్పుడుచేయును.

కావున ద్వాజ్ ప్రభృతుల గ్రంథము చదువదగినదే. కాని దానిని ఈ రెండవ ప్రశ్నతో జోడించి చదువవలెనని మా అభిప్రాయము. వాదము నడుచుచున్న విషయములలో సంస్కర్తకు సగము పని ముందే జరిగినది. ఎదిరిపక్షమున్నచో ఎఱుకయు ఉన్నది. ఎవరును వాదింపని విషయమే కఠినమైనది. మన యిండ్లలో స్త్రీవిద్యనుగూర్చి తండ్రికొడుకులు వాదింపవచ్చును. ఆ వాదము నడుచుచుండగా వడ్డించి చివర భుజించునదెవరో ఇద్దఱును గమనింపకపోవచ్చును. భర్త వండి, భార్య సంపాదించి తెచ్చు ఇల్లు సంసారమేనా యని అట్టి యింట అడిగి చూడుడు. జవాబునకు ముందు వచ్చు నవ్వునందో, మౌనమునందో, ఏ పటమునను కానరాని విశ్వాసము బయలుపడును. సంస్కారమునకు ఆరంభస్థానమచ్చటనే.