పొలవాస పాప: సమ్మక్క కథనాల్లో కన్నతల్లి అదృశ్యం

వ్యాససంగ్రహం

సమ్మక్క కథను చెప్పినవారు, రాసినవారు ఆమె చిలుకలగుట్ట మీద అదృశ్యమైన ఘట్టాన్ని విస్తారంగా వర్ణించారు. అంతకు చాలా ముందే ఆ కథలో మరొక స్త్రీ అదృశ్యమైంది. అడవిలో దొరికిన ఆ పసిపాపను కన్న తల్లి ఎవరో, ఏమైందో కథ చెప్పదు. ఈ మౌనం కథ నిర్మాణంలో చేసే పని ఏమిటి, ఆ ఖాళీని తరువాతివారు ఏ ప్రయోజనాలతో పూరించారు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని పొలవాసతో ముడిపడిన సమ్మక్క కథనాన్ని, ఆదిలాబాద్ గోండుల జంగూబాయి కథనంతో కలిపి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సమ్మక్క, పొలవాస, దత్తత, కోయ మౌఖిక కథనం, జంగూబాయి, కన్నతల్లి, ఇంద్రవెల్లి.

1. వేటలో దొరికిన పాప

జగిత్యాల పక్కనున్న పొలాస పేరు చెబితే ఈనాటి రైతుకు గుర్తొచ్చేది అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం. దానికి పూర్వనామం పొలవాస. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం పొలవాసను ఏలిన గిరిజన దొర మేడరాజు. వేటకు వెళ్ళిన దొరలకు అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ ఒక పాప కనిపించింది. తెచ్చి పెంచుకొన్నారు. ఆమె గూడేనికి రాగానే అందరికీ మేలు జరిగిందంటారు. పెరిగి పెద్దదయ్యాక మేడరాజు మేనల్లుడు, మేడారం పాలకుడు అయిన పగిడిద్దరాజుకు ఇచ్చి పెళ్ళి చేశారు. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న ఆమె సంతానం. సారలమ్మ భర్త గోవిందరాజు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం వచ్చి పడింది. ఒక్కొక్కరే నేలకొరిగారు. జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. వెనుక నుంచి పొడిచిన పోటుతో సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది.

ఈ కథలో బంధుత్వాల అల్లిక చాలా గట్టిది. సమ్మక్కకు భర్త, కూతుళ్ళు, కొడుకు, అల్లుడు, పెంపుడు తండ్రి, ఆ తండ్రికి మేనల్లుడు, అందరూ ఉన్నారు. వాళ్ళ ఊళ్ళు కూడా మనకు తెలుసు. ఇప్పటికీ సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి గద్దెలకు వస్తారు. ఒక్కో వేల్పును ఒక్కో కోయ ఇంటిపేరువారు తెస్తారు. ఇంత కచ్చితంగా ఊళ్ళనూ ఇంటిపేర్లనూ నిలుపుకొన్న జ్ఞాపకంలో కన్నతల్లి చోటు మాత్రం ఖాళీ. ఇంకా గమనించదగింది, పెంచిన తల్లి పేరు కూడా బహుళ ప్రచారంలో ఉన్న కథనాల్లో వినిపించదు. పాపను ఎత్తుకొన్నది వేటగాళ్ళు, పెళ్ళి చేసింది మేడరాజు. పాలు పట్టింది ఎవరు?

2. శాసనంలో మేడరాజు

కథలోని కాలాన్ని చరిత్రతో సరిపోల్చడం పాత సమస్యే. సామాన్యంగా కప్పం అడిగిన రాజును 1289 నుంచి 1323 వరకు ఏలిన ప్రతాపరుద్రుడిగా చెబుతారు. అయితే రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన 1163 నాటి సంస్కృత శాసనం, అతడు జయించిన వారిలో మేడరాజును, అతని పొలవాసను పేర్కొంటుంది. ఈ రుద్రదేవుణ్ణే మొదటి ప్రతాపరుద్రుడనీ అంటారు. ఆ లెక్కన కథలోని ఘటనలు నూరేళ్ళకు పైగా వెనక్కి జరుగుతాయి, లేదా రెండు యుద్ధాలు ఒకే జ్ఞాపకంలో కలిసిపోయి ఉంటాయి. నాకు రెండవదే సహజమనిపిస్తుంది.

తేదీ తేల్చడం ఈ వ్యాసం పని కాదు. శాసనం ఎవరి దృష్టితో మాట్లాడుతుందన్నది ముఖ్యం. పొలవాస అందులో గెలుచుకొన్న సంపద, మేడరాజు ఓడిన శత్రువు. ఆ ఊరి స్త్రీలకు, పిల్లలకు ప్రశస్తి కావ్యంలో చోటు లేదు. అడవిలో ఒంటరిగా దొరికిన పసిబిడ్డ అనే మాటను ఈ నేపథ్యంలో పెట్టి చదివితే, పులులూ వెలుగులూ కాస్త పక్కకు తప్పుకొని ఒక మామూలు ప్రశ్న ముందుకొస్తుంది. దండయాత్రలూ కరువులూ ఉన్న సీమలో తల్లీబిడ్డలు ఎలా విడిపోతారు? జవాబు శాసనంలో దొరకదు. కథ కూడా ఇవ్వదు. ప్రశ్నను మాత్రం మిగిల్చింది.

3. కర్ణుడు, సీత, సమ్మక్క

మన సాహిత్యంలో దొరికిన బిడ్డల కథలు తక్కువేమీ కాదు. వాటి నడక చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. కర్ణుణ్ణి రాధ పెంచింది, రాధేయుడన్న పేరూ ఇచ్చింది. అయినా కథకు కీలకం కుంతి వచ్చి నిజం చెప్పే ఘట్టమే. అక్కడి నుంచి రాధ పాఠకుడి దృష్టిలోంచి జారిపోతుంది. కర్ణుడు పెంచిన తల్లిదండ్రులను విడువనంటాడు, అది అతని ఔన్నత్యం. కానీ అతడు విడువనన్నాడని చెప్పడానికైనా కావ్యానికి పుట్టుక రహస్యం విప్పాల్సి వచ్చింది. శకుంతలకు మేనక ఉంది. కణ్వుడు పెంచినా ఆమె ఎవరి కూతురో తెలిసిన తరువాతే దుష్యంతుడు పెళ్ళిమాట ఎత్తుతాడు. సీత నాగేటిచాలులో దొరికింది. జనకుడి కూతురిగా పెరిగి, జానకిగానే పేరు మోసినా, చివరికి కన్నతల్లి అయిన భూమినే పిలిచింది. ఈ మూడింటిలోనూ పెంపకం కంటే పుట్టుకకు తీర్పు చెప్పే అధికారం ఎక్కువ.

సమ్మక్క కథ ఆ దారిన పోలేదు. ఏ దేవుడూ వచ్చి ఆమె తండ్రినని చెప్పుకోడు, ఏ రాణీ కన్నీరు పెట్టి కౌగిలించుకోదు. ఆమె పోరాడింది పెంచిన వాళ్ళ కోసం, పుట్టినింటివారిగా ఆమె ఎరిగినవాళ్ళు వాళ్ళే. పుట్టుక తెలియకపోవడం ఆమెకు కొరత కాలేదు. కోయ సమాజం ఆమెను లోపలికి తీసుకోవడానికి ఏ ఆధారమూ అడగలేదు. మౌఖిక కథనం తన నిర్మాణంతోనే చెప్పిన ఈ మాటను విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. వీరగాథగా చదివినప్పుడు యుద్ధమే కనిపిస్తుంది, భక్తి కథగా చదివినప్పుడు మహిమలే కనిపిస్తాయి. దత్తత కథగా చదివినవారు అరుదు.

4. జంగూబాయి గుహ

ఈ లక్షణం సమ్మక్క కథ ఒక్కదానిదే కాదని చూపడానికి ఆదిలాబాద్ వైపు వెళ్ళాలి. గోండుల పురాణ కథనంలో కాలికంకాళి కన్న దేవతాశిశువులు తల్లికి దూరమై, గుహలో బందీలవుతారు. వాళ్ళను సాకింది జంగూబాయి. గుహ తెరిపించి వెలుగులోకి తెచ్చినవాడు పహండి కుపార్ లింగల్. ప్రధాన్లు కిక్రి మీటుతూ పాడే ఈ గాథను మధ్య పరగణాలలో హిస్లాప్ సేకరించగా 1866లో అచ్చయింది. ఆదిలాబాద్ రూపాన్ని హైమన్‌డార్ఫ్ 1948 నాటి గ్రంథంలో వివరించాడు. కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న గుహకు పుష్యమాసంలో రెండు రాష్ట్రాల గోండులూ వస్తారు. వాళ్ళు అక్కడ మొక్కేది పెంచిన తల్లికి.

సమ్మక్క కథలో లేని రెండు సంగతులు ఇక్కడ ఉన్నాయి. కన్నతల్లికి పేరుంది, పెంచిన తల్లికి గుడి లాంటి గుహ ఉంది. ఒక జాతి మొత్తం తనను తాను దత్తపుత్రుల సంతతిగా చెప్పుకోవడం సామాన్య విషయం కాదు. అంతేకాక, ఆ పిల్లలు గుహలో పడటానికి కారణం పైవాళ్ళ ఆగ్రహమని కథ దాచకుండా చెబుతుంది. విడిపోవడం వెనుక అధికారం ఉందని గోండు కథకుడు పేరుపెట్టి చెప్పగలిగాడు. కోయ కథలో అది అడవి నిశ్శబ్దంగా మిగిలింది.

5. ఖాళీని పూరించినవారు

ఖాళీ ఉన్నచోట ఎవరో ఒకరు కూర్చుంటారు. జాతరల్లో అమ్మే చిన్న పుస్తకాలు, భక్తి కేసెట్లు పాపను ఆదిశక్తి అవతారం చేశాయి. చూడటానికి ఇది గౌరవమే. ఫలితం మాత్రం వేరు. పుట్టుక దివ్యమైతే కోయ పెంపకం కేవలం మజిలీ అవుతుంది. కప్పం కట్టలేని ఆదివాసుల తిరుగుబాటు దుష్టశిక్షణగా మారుతుంది, దుష్టుడెవరో చెప్పవలసిన అవసరం కూడా తప్పిపోతుంది.

కోయ డోలీలు దీనికి ఎదురుగా నిలబడ్డారు. పడిగె గుడ్డలు పరచి, గట్టు గోత్రాల వరుసలో వాళ్ళు చెప్పే కథలు వేల్పులను కోయ వంశాలకు కట్టివేస్తాయి. ఈ కళకు 2022లో సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ రావడంతో బయటి పాఠకులకు దాని ఉనికి తెలిసింది. ఈ వంశక్రమ కథనాన్ని కల్పన అని తోసెయ్యడం అన్యాయం. అవతలివాళ్ళు ఆమెను ఎత్తుకుపోతున్నప్పుడు ఇంటివాళ్ళు చేయి పట్టుకోవడమది. అయినా ఒక చిక్కుంది. ఆమె మనది అని చెప్పడానికి నెత్తుటి చుట్టరికమే కావాలంటే, దొరికిన బిడ్డను మారుమాట లేకుండా తన బిడ్డ చేసుకొన్న పాత ఔదార్యం వెనక్కి పోతుంది.

ఈ చిక్కు కథకే పరిమితం కాదు. దత్తత వల్లనో పెళ్ళి వల్లనో వెనుకబడిన కులంలోకి వచ్చినవారికి రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 1996లో వల్సమ్మ పాల్ కేసులో చెప్పింది. దొంగ ధ్రువపత్రాల బెడద తెలిసిన ఆదివాసీ ప్రాంతాల్లో ఆ జాగ్రత్త అవసరమే. ఏజెన్సీ భూములను కాపాడటానికి వచ్చిన 1970 నాటి 1వ నెంబరు భూబదలాయింపు నిబంధన కూడా ఎవరు గిరిజనులు అన్న గీత మీదనే నిలుస్తుంది. గీత చెరిగితే భూమి పోతుంది. కానీ తహశీల్దారు ముందు సమ్మక్క నిలబడి ధ్రువపత్రం అడిగితే, తల్లిదండ్రుల గడి దగ్గర ఆయన కలం ఆగిపోతుంది.

6. కాగితం మీద అనాథలు

పులుల నడుమ దొరికిన పాప కథను ఈ కాలపు దత్తత వ్యవహారాల పక్కన పెడితే, తల్లి అదృశ్యం అన్న మాటకు మరొక అర్థం తెలుస్తుంది. 1999లోను, మళ్ళీ 2001లోను ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణాల్లో ప్రధానంగా నష్టపోయింది దక్షిణ తెలంగాణ తండాలలోని లంబాడీ తల్లులు. బతికి ఉన్న తల్లుల బిడ్డలు కాగితాల మీద అనాథలయ్యారు. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి చేసిన అధ్యయనం ఈ ఆడశిశువుల వెనుక ఉన్న పేదరికాన్ని, సమాజపు కట్టుబాట్లను, మధ్యవర్తుల పాత్రను నమోదు చేసింది. పేదరికం కారణంగా బిడ్డలను వదులుకొన్నట్టు రాయించుకోవడాన్ని ప్రభుత్వం 2001లో నిషేధించింది. ఈ రాష్ట్రం నుంచి 1998లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళను దత్తత తీసుకొన్న అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్, వాళ్ళ తల్లి మోసపోయిందని తెలుసుకొన్నాక, నల్లధనాన్ని తెల్లధనం చేసినట్టే ఎత్తుకొచ్చిన పిల్లలను కాగితాలతో శుద్ధి చేస్తున్నారని తన వ్యాసాల్లో విశ్లేషించాడు.

ఆదిలాబాదులో ఆదివాసీలకూ లంబాడీలకూ నడుమ ఉన్న తగవు తెలిసిన పాఠకుడు ఈ రెండు కథలను ఒకచోట చేర్చడానికి అభ్యంతరం చెప్పవచ్చు. నేను పోలుస్తున్నది జాతులను కాదు, తల్లిని చెరిపేసే పద్ధతిని. కోయ కథలో తల్లి ఎవరో తెలియదు, అందువల్ల మౌనం. ఆ దస్తావేజుల్లో తల్లి ఎవరో తెలిసీ మౌనం. మొదటిదాన్ని పురాణం అంటున్నాం, రెండవదానికి సర్కారు ముద్ర ఉంది. సముద్రాల అవతల పెరిగి, తల్లిని వెతుక్కుంటూ తండాకు వచ్చే యువతి చేతిలో ఉండేది ఆ ముద్ర ఉన్న కాగితమే. అందులో ఆమె తల్లి ఉండదు.

7. వెదుకులాట

సమ్మక్క కనుమరుగైన తరువాత కోయలు ఊరుకోలేదు. చిలుకలగుట్ట అంతా గాలించారు. నాగవృక్షం కింద, పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. శరీరం దొరకలేదు. కన్నతల్లి కోసం ఎవరూ వెదకని కథలో పెంపుడు కూతురి కోసం ఒక తెగ తెగంతా వెదికింది. ఆ వెదుకులాట ఇంకా ఆగలేదనడానికి జాతరే సాక్ష్యం. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో, గురువారం నాడు, కోయ పూజారులు గుట్టమీదికి వెళ్ళి ఆమెను తీసుకొస్తారు. పైన ఏం జరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత లక్షలాది జనం, బస్సులు, హెలికాప్టర్లు వచ్చినా ఆ ఒక్క ఏకాంతాన్ని కోయలు వదులుకోలేదు.

సమ్మక్క గుట్ట దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి కాల్చి స్వాగతం పలుకుతాడు. ఆ మోతకు జనం చేతులెత్తి మొక్కుతారు. ఈ మర్యాదను వర్ణించేవారు దాన్ని ప్రభుత్వ గౌరవవందనంగా చెప్పి ముందుకు సాగిపోతారు. ఆదిలాబాద్ గోండుకు తుపాకి మోత వేరే జ్ఞాపకం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్చినప్పుడు చనిపోయినవారు సర్కారు లెక్కలో 13 మంది. పౌరహక్కుల సంఘాలు చెప్పిన లెక్క దానికి ఎన్నో రెట్లు. రెండు లెక్కల మధ్య మిగిలినవాళ్ళకు శవపంచనామా లేదు, పేరూ లేదు. వాళ్ళలో తల్లులెందరో, వాళ్ళ బిడ్డలను ఎవరి ఇంట పెంచారో ఆ చుట్టుపక్కల గూడేలలో అడిగి రాసుకోవలసిన పని సాహిత్య పరిశోధకులకు ఇంకా మిగిలే ఉంది. అడగవలసిన పెద్దలు ఏటికేడాది తగ్గిపోతున్నారు.