మరుభూమిలో ద్విచక్రయానము: మూఁడు యాత్రాగ్రంథముల విమర్శనము

దండి మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ప్రయాణము మున్నగునవి కలవు; మరుభూమి లేదు. మన కవు లెడారి నెఱుఁగకపోలేదు. కాని యది వారికిఁ బ్రాయికముగా నుపమానమునకే యుపకరించినది. మూర్ఖుని మనస్సును రంజింపఁజేయుట యెంత దుష్కరమో చెప్పుటకై భర్తృహరి యెండమావులలోని నీటి నుదాహరించెను. ఏనుఁగు లక్ష్మణకవి దానిని దెనిఁగించి తెలుఁగువారి నాలుకపై నిలిపెను. వైశాఖమాసమున మన బాటలమీఁద నెండమావులను జూడనివా రుండరు. కాని నీటికై యెదురుచూచుచు దినమెల్ల వానివెంట నడచినవాఁడు మనలో నరుదు. అట్టివాని వ్రాఁతలో నెండమావి యలంకారము గాక యనుభవమగును. ఈ భేదమును బరిశీలించుటకై సైకిళ్లపై నెడారులు దాఁటినవారి గ్రంథములను మూఁటిని ఈ వ్యాసమున విమర్శింపఁ బూనితిని.

ఇట్టి గ్రంథములు సాహిత్యము గావనియు, దేహబలప్రదర్శనమునకుఁ బట్టికలు మాత్రమే యనియు సాహిత్యగోష్ఠులలోఁ బలుమాఱు వింటిని. కొంతకాలము నేనును ఆ యభిప్రాయమునే కలిగియుంటిని. మూఁడింటిని వరుసగాఁ జదివిన పిమ్మట నది కొంత మాఱినది. ఎంత మాఱినదో, ఎంత మాఱలేదో చెప్పెదను.

మొదట వాహనమును గుఱించి రెండుమాటలు చెప్పవలయును. ఏలయన నిచ్చట వాహనమే శైలిని నిర్ణయించుచున్నది. రైలుబండిలోఁ బోవువాని కెడారి కిటికీనుండి కనఁబడు నొక చిత్రము. ఒంటెపై నూఁగువానికి నేలస్వభావము నొంటె యెఱిఁగినఁ జాలును. సైకి లెక్కినవాఁ డట్లు కాఁడు. ఎండి బిగిసిన బంకమన్నుపైఁ జక్రము పరుగిడును, గులకఱాళ్లపైఁ దడఁబడును, పొడియిసుకలో దిగఁబడి నిలిచిపోవును. అప్పుడు దిగి త్రోయవలయును. నీటిమాటయు నిట్టిదే. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూఁగును. పది లీటర్లు కట్టుకొన్నచో బండి బరువెక్కి యిసుకలో మఱింత దిగఁబడును. కట్టుకొనకున్నచో దాహము బాధించును. కావున నీ రచయితలకు ఇసుక యను నొక్కమాట చాలదు. ఎండ యను నొక్కమాటయుఁ జాలదు. వీరి వర్ణనలలో విశేషణములు తగ్గి విశేషములు పెరుగుట కిదియే కారణము.

మొదటి గ్రంథము థామస్ స్టీవెన్సు రచించిన సైకిలు భూప్రదక్షిణము. ఇది 1887, 1888 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడినది. ఇతఁ డాంగ్లదేశమునఁ బుట్టి యమెరికా చేరినవాఁడు. 1884 ఏప్రిలు 22వ తేదీని శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేఱి 1886 డిసెంబరులో యోకొహామాయందు యాత్ర ముగించెను. ఇతని బండి ముందుచక్రము 50 అంగుళముల వ్యాసము గలది. డన్లప్ 1888లో గాలిటైరును గల్పించుటకు ముందటి కాలము గావున, ఆ చక్రమునకు సన్నని గట్టిరబ్బరుపట్టీయే యాధారము. వానకోటే యతనికిఁ బడకయు డేరాయును. నెవాడా రాష్ట్రమున నలువదిమైళ్ల యెడారి యని పేరొందిన చోటు, పూర్వము బండ్లపై వలసపోయినవారి పశువులను బెక్కింటిని బొట్టఁబెట్టుకొన్నది. స్టీవెన్సునాఁటి కా ప్రాంతమున రైలుమార్గము పడియున్నది; పట్టాలను గాపాడు పనివారి యిండ్లే యతనికి సత్రములైనవి.

ఇతఁడు కథను బెక్కుచోట్ల వర్తమానకాలమున నడపును. రేపేమి కానున్నదో పాఠకునికిఁ దెలియదు. రచయితకును దెలియనట్లే తోఁచును. యాత్రాగ్రంథమునకు నిది మంచి యుపాయము. రెండవ సంపుటమునఁ బారసీకదేశపుఁ దూర్పుటెల్లనున్న దష్తె నా-ఉమీద్‌ను, అనఁగా నిరాశామరుభూమిని, దాఁటి యాఫ్గనిస్థానము జొచ్చిన ఘట్టము గ్రంథమున కంతకును దలమానికము. అంత శ్రమపడి యెడారి దాఁటినవాఁడు ఫరాలో నిర్బంధింపఁబడి, హేరాతుమీఁదుగాఁ బారసీకమునకే మరలింపఁబడెను. పిదపఁ జుట్టుదారినిఁ బట్టి హిందూదేశము చేరవలసివచ్చెను. ప్రకృతి యడ్డగింపనివానిని మనుష్యుల సరిహద్దు లడ్డగించినవి. విజయగాథ కావలసినది నిష్ఫలతాగాథ యగుటచేతనే దానికి గాంభీర్యము కలిగినదని నా తలంపు.

ఇంత మెచ్చుకొన్న పిమ్మట నొక దోషమును జెప్పక తీఱదు. స్టీవెన్సు నేలను జూచినంత శ్రద్ధతో మనుష్యులను జూడలేదు. పారసీకులు, చీనీయులు, మనవారు నతని పుటలలోఁ బెక్కుమాఱులు వినోదవస్తువు లగుదురు. ఏ యూరివారు రొట్టెయు నీరు నిచ్చిరో ఆ యూరివారినే మఱుపుటలో నతఁడు హాస్యాస్పదులను జేయును. నాఁటి పాశ్చాత్యుల గర్వమది యని సమాధానము చెప్పవచ్చును. కాలదోషమని క్షమింపవచ్చును గాని, దోషము కాదనఁగూడదు. ఏలయన నిది రచనను గూడఁ జెఱచినది. మనుష్యు లెల్ల నొకే మూసలోఁ బడుటచేత, నేల మాఱినను జనులు మాఱినట్లు చదువరికిఁ దోఁపదు.

రెండవది థామస్ గాస్కెల్ ఆలెన్, విలియం లూయిస్ సాక్ట్‌లెబెన్ అను నిరువురు 1894లోఁ బ్రకటించిన యాసియాయాత్ర. సెంట్‌లూయీ నగరమున 1890లోఁ బట్టము పుచ్చుకొన్న విద్యార్థులు వీరు. కాన్‌స్టాంటినోపిలునుండి పెకింగువఱకుఁ బోయిన యీ యాత్రలో 1891లో నరారతు శిఖరము నెక్కి, 1892లో హామీనుండి గోబీ యెడారిని దాఁటిరి. అప్పటికి రెండుచక్రములు సమానముగాఁ గల బండ్లు వచ్చియున్నవి. వీరు కెమెరాను వెంటఁ గొనిపోయిరి; గ్రంథమంతయు ఛాయాచిత్రములతో నిండియున్నది. మాట మితము, ఆత్మస్తుతి స్వల్పము. ఇవి గుణములు. కాని పటము చూపినదానిని మాట చెప్పనక్కఱలేదను నలసత్వము పెక్కుచోట్లఁ గానవచ్చును. గోబీమార్గము ప్రాచీనమైన సార్థవాహులబాట. బావిని బట్టి మజిలీ, మజిలీని బట్టి నడక. ఆ బావులచరిత్రను వినవలెనను కోరిక పాఠకునికిఁ గలుగును. పెకింగు చేరవలెనను త్వర రచయితలను దఱుముచుండును.

మూఁడవది మనదేశీయులది. 1923 అక్టోబరు 15వ తేదీని బొంబాయినుండి పార్సీయువకు లార్గురు సైకిళ్లపై బయలుదేఱిరి. వారిలో నాది హకీము, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా యను మువ్వురు మాత్రమే భూప్రదక్షిణము ముగించి 1928 మార్చిలోఁ దిరిగివచ్చిరి. మొత్తము నడచినది 44,000 మైళ్లు. వీరి గ్రంథము 1931లో జవాహర్‌లాల్ నెహ్రూగారి పీఠికతోఁ బ్రకటితమైనది. బాగ్దాదునుండి అలెప్పోవఱకుఁ గల మెసపొటేమియా యెడారి వీరి యాత్రలోఁ గఠినమైన ఘట్టములలో నొకటి. కథ చెప్పువాఁ డొక్కఁడు గాక "మేము" చెప్పుటచేత, నొకనికి వచ్చిన దాహము మువ్వురిదగును. ఇది యీ గ్రంథమునకుఁ బ్రత్యేకమైన శోభ. పరాధీనదేశమునుండి వచ్చినవారు మా దేశమునను సాహసికులు గలరని లోకమునకుఁ జూపఁదలఁచిరి. ఆ యభిమానము ప్రశంసనీయమే. కాని నాలుగేండ్ల యైదునెలల యనుభవము నొక్కసంపుటమున నిముడ్చుటచేత మైళ్లలెక్క మిగిలి మనోవృత్తులు తొలఁగినవి. ఎడారికిఁ గొలఁదిపుటలే దక్కినవి. దాఁటిన వేగమునకుఁ గొనియాడవచ్చును. వ్రాసిన వేగమునకుఁ గొనియాడలేము.

ఈ మూఁడింటిని దూఁచుటకుఁ దగిన త్రాసు విదేశములనుండి తెచ్చుకొననక్కఱలేదు. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలోఁ జెన్నపట్టణమునుండి పల్లకిపైఁ గాశికిఁ బోయి వ్రాసిన యాత్రాచరిత్ర 1838లో ముద్రితమైనది. ఆయన మజిలీదూరము చెప్పెను. బాట యిసుకయో గులకయో చెప్పెను. బావి గలదో లేదో, సరుకులు దొరకునో దొరకవో చెప్పెను. తరువాతఁ బోవువానికిఁ బనికివచ్చునట్లు వ్రాయుట యాయనకు ధర్మము. ఆ పాండిత్యశూన్యములవలెఁ గనఁబడు వాక్యములలో నేఁటికిని జీవ మున్నది. స్టీవెన్సునందు మనము మెచ్చిన నేలయెఱుక మన వాఙ్మయమున కంతకు నర్ధశతాబ్ది ముందే వచ్చియున్నదని మఱవరాదు.

నేఁడు సైకిళ్లపై నెడారులు దాఁటువారికిఁ దారుబాటలు గలవు; ఉపగ్రహములు దారి చూపును. వ్రాయువారును బెక్కండ్రు. మనవారిలోఁ గూడ నట్టి యుత్సాహవంతులు లేకపోలేదు. వారు తెలుఁగున వ్రాయఁగోరినచో నా మనవి యొక్కటి. లాక్షణికులు వీరరసమున దానవీరుని, దయావీరుని గూడఁ జెప్పిరి. మరుభూమి యాత్రాగ్రంథములలోఁ బండి త్రొక్కినవాఁడే వీరుఁడని రచయిత లందఱును దలంతురు. కాని యెడారిలో నీరు దొరకని దూరము తెలిసినవాఁడు దాని నొకనికిఁ బోయుట, ఆ నీరు త్రాగి ముందుకుఁ బోవుటకంటెఁ దక్కువపని కాదు. అతఁడు మఱల బావికిఁ బోవలయును. మనము పోవలసిన పనిలేదు.

కావున నీ గ్రంథములు సాహిత్యమా యను ప్రశ్నకు నా యుత్తర మిది. నేలను జూపినంతమేర నివి సాహిత్యమే. ఆ విషయమున నా పూర్వాభిప్రాయము తప్పు. నీరిచ్చినవాని ముఖమును జూపనంతమేర నివి యసంపూర్ణములు. ఆ విషయమున నా యభిప్రాయము మాఱలేదు. ఆ ముఖమును జూపఁగల గ్రంథము తెలుఁగున వచ్చునేని, దండి చెప్పని వర్ణనము మన వాఙ్మయమున కబ్బును.