ఏ పుట్ట మీదివే తల్లీ?

తొలకరి పడి, ఉరుములు గట్టిగా ఉరిమాక మా వీధిలోకి పుట్టకొక్కులు అమ్మకానికి వచ్చేవి. అమ్మమ్మ ముందు బేరం ఆడేది కాదు. "ఏ పుట్ట మీదివే తల్లీ?" అని అడిగేది. రోడ్డు వారవనో, శ్మశానం పక్కవనో అనుమానం వస్తే గుమ్మం దాటనిచ్చేది కాదు. వండేటప్పుడు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అంతే. నేను మసాలా వెయ్యబోతే చెయ్యి పట్టుకునేది. అదంతా చాదస్తం అనుకునేవాణ్ణి.

పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. పత్రహరితం లేదు కాబట్టి దొరికింది తిని బతకాలి. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి, సగం అరిగించి, పుట్ట లోపల తేనెపట్టులాంటి గూడు కడతాయి. పుట్టకొక్కు దాని మీదే పెరిగి, వాన తడికి మట్టి చీల్చుకుని పైకొస్తుంది. చెదల కాపురం లేనిదే దానికి కాపు లేదు. షెడ్డులో పెంచిన ముత్యపు చిప్ప పుట్టగొడుగుకి పుట్టకొక్కు రుచి లేదని విసుక్కుంటాం గానీ, పాపం, అది తిన్నది వరిగడ్డి.

తిన్నది మంచిదా చెడ్డదా అన్న విచక్షణ మాత్రం ఏ పుట్టగొడుగుకీ లేదు. నేలలో పాదరసం, కాడ్మియం ఉంటే అవీ ఒంట్లో చేరతాయి. 1986లో చెర్నోబిల్ రియాక్టర్ పేలినప్పుడు రేడియోధార్మిక సీజియం-137 గాలిలో జర్మనీలోని బవేరియా దాకా వెళ్లి, వానతో నేలకు దిగింది. పొలాల్లో బంకమన్ను దాన్ని గట్టిగా పట్టేసుకుంది. అడవిలోని ఆకుమట్టికి ఆ పట్టు లేదు. సీజియం పొటాషియంకి దగ్గరి చుట్టం. పొటాషియం కోసం వెతికే శిలీంధ్రం దీన్నీ లోపలికి రానిస్తుంది. ఈ సీజియం సగం తరగడానికి 30 ఏళ్లు పడుతుంది. అక్కడి అడవిపందులు నేలలో దాగే ఒకరకం పుట్టగొడుగుల్ని తవ్వుకు తింటాయి. అందుకే నేటికీ వాటి మాంసంలో రేడియోధార్మికత కిలోకి 600 బెకరెల్‌లు దాటితే జర్మనీలో అమ్మనివ్వరు. ఆ మాంసంలో చెర్నోబిల్‌కి ముందరి అణుబాంబు పరీక్షల సీజియం కూడా ఉందని 2023లో తేల్చారు. అరవై ఏళ్ల కిందటి పాపాన్ని పంది మోస్తోందన్నమాట!

అది చదివాక అమ్మమ్మ ప్రశ్న నాకూ అలవాటైంది. మొన్న ఏజెన్సీ సంతలో ఆకు దొన్నెలో పుట్టకొక్కులు పెట్టుకు కూర్చున్నావిడని అడిగాను.

"ఏ పుట్ట మీదివమ్మా?"

ఆవిడ నవ్వింది. "చెబితే రేపు తెల్లారకుండా మీరే వెళ్లి కోసేసుకోరా బాబూ?"