పత్తిచేల తర్వాత

లియా పెనిమన్ రాసిన ‘ఫార్మింగ్ వైల్ బ్లాక్’ 2018లో వచ్చింది. నేను ఆలస్యంగా చదివాను. బాల్కనీలో టమాటాలు పెంచుకోడానికి పనికొస్తుందేమోనని మొదలుపెట్టాను (పనికొస్తుంది కూడా). మట్టిపరీక్ష, ఎరువు, విత్తనం దాచుకోవడం అన్నీ ఉన్నాయి. వాటి మధ్యలోనే చరిత్ర, ప్రార్థనలు. బానిస ఓడలు ఎక్కక ముందు ఆఫ్రికా స్త్రీలు విత్తనాల్ని జడల్లో అల్లుకుని తెచ్చుకున్నారన్న కథ కూడా ఉంది.

పెనిమన్ దంపతులు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో, సౌత్ ఎండ్ అనే పేదపేటలో ఉండేవారు. ఇద్దరు చిన్నపిల్లలు. దగ్గర్లో తాజా కూరగాయలు దొరికేవి కావు. ఇలాంటి పేటల్ని ‘ఫుడ్ డెజర్ట్’ అనడం ఆవిడ ఒప్పుకోరు. ఎడారి దానంతటది ఏర్పడుతుంది, ఇది మనుషులు చేసింది కాబట్టి ‘ఫుడ్ అపార్థైడ్’ అంటారు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన పట్టుదల ఇది. 2010లో గ్రాఫ్టన్‌లో సోల్ ఫైర్ ఫామ్ మొదలుపెట్టి, నగరాల నుంచి నల్లజాతి పిల్లల్ని అక్కడికి రప్పించారు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1920లో అమెరికాలో తొమ్మిది లక్షలకు పైగా నల్లజాతి రైతులుండేవారు. తర్వాత దశాబ్దాల్లో లక్షలమంది దక్షిణాది పత్తిచేల నుంచి పారిపోయి నగరాలకొచ్చారు. ఆ ఇళ్ళలో పొలం అంటే కొరడా, కౌలు అప్పు. అలాంటి ఇంటి పిల్లకి గడ్డపార ఇచ్చి ‘ప్రకృతికి దగ్గరవ్వు’ అంటే ఏమవుతుంది? మా అమ్మమ్మ కూలికి నాట్లు వేసింది. మా అమ్మ నన్ను గట్టు కూడా ఎక్కనివ్వలేదు, చదువుకోమంది. శని ఆదివారాల్లో ఫామ్‌హౌస్‌కెళ్ళే మా ఆఫీసువాళ్ళకి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు ఇప్పటిదాకా తెలీలేదు. పెనిమన్‌కి తెలుసు. పిల్లల అయిష్టాన్ని ఆవిడ బద్ధకం అనుకోరు. ముందు దాని మూలం చెప్పి, ఆ తర్వాతే పని చేయిస్తారు.

ఒక్కచోట మాత్రం నాకు మింగుడుపడలేదు. కోర్టు కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళు ఆ ఫామ్‌లో పనిచేసి, వచ్చిన డబ్బుతో నష్టపరిహారం కట్టుకునే ఏర్పాటు ఒకటి నడిచింది. జైలు తప్పింది, మంచిదే. కానీ బానిసత్వం రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి ఖైదీల్ని చేలకీ గనులకీ అద్దెకిచ్చిన చరిత్ర ఉంది కదా. కోర్టు నుంచి పొలానికి దారి వేసేటప్పుడు ఆ నీడ పడుతుంది. ఇక్కడ కూలి కుర్రాళ్ళకే దక్కుతుంది, పొలం నడిపేది తమవాళ్ళే; తేడా చాలా పెద్దది. అయినా ఆ తేడాని ఇంకా విడమరిచి చెప్పాల్సింది.

అదే ఏడాది వచ్చిన మోనికా వైట్ పుస్తకం ‘ఫ్రీడమ్ ఫార్మర్స్’లో ఈ విడమరచడం ఉంది. మిసిసిపీలో ఫానీ లూ హేమర్ 1969లో పెట్టిన సహకార వ్యవసాయం, అందులోని ‘పందుల బ్యాంకు’ (ఆడపందిని తీసుకున్న కుటుంబం పిల్లల్లో కొన్నిటిని బ్యాంకుకి తిరిగివ్వాలి) చదువుతుంటే ఓటుహక్కుకీ కడుపుకీ ఉన్న లంకె తెలుస్తుంది. ఓటు నమోదుకెళితే పనిలోంచి తీసేసే చోట, సొంత తిండి ఉన్నవాడే నిలబడగలడు. చివరికి డెట్రాయిట్. అక్కడ మలిక్ యకీని అప్పట్లో ఒక స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు; తోటపని ఆ బడిలో మొదలై, 2006లో సంస్థయింది. రూజ్ పార్క్‌లో ఇప్పుడు ఏడెకరాల డీ-టౌన్ ఫామ్ ఉంది. నేల మాత్రం నగరపాలక సంస్థది. పిల్లల్ని నేలతో కలపడం గురించి మాట్లాడేవాళ్ళు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగితే బాగుండు.

వైట్ లోటు వేరే. పెద్దవాళ్ళు బాగా మాట్లాడతారు, పిల్లలు మాట్లాడరు. బడితోటలో కలుపు తీసిన ఆ పిల్లలకి ఇప్పుడు పాతికేళ్ళు దాటుంటాయి. వాళ్ళలో ఎందరు సాగులో ఉన్నారో, ఎందరు మా అమ్మలాగే తమ పిల్లల్ని గట్టు ఎక్కనివ్వట్లేదో ఎవరైనా అడిగి రాస్తే చదవాలని ఉంది.