ట్రాయి యుద్ధమునకు కారకులు: ఇలియడ్‌లోని దోషవిచారము

ట్రాయి యుద్ధమునకు కారకులెవరను ప్రశ్నకు గ్రీకు వాఙ్మయమున సమాధానములు పెక్కు గలవు. పెండ్లికి పిలుపు రాక కినిసిన ఎరిస్ అను కలహదేవత విసరిన బంగారు పండు కారణమని కొందరందురు. ముగ్గురు దేవతలలో సౌందర్యవతి ఎవతెయో తీర్పు చెప్పిన పారిస్ కారణమని మరికొందరందురు. అతని వెంట స్పార్టాను విడిచిన హెలెన్ కారణమని పెక్కుమంది తలతురు. ఈ గాథలన్నింటిని ఒక్క దారమున గ్రుచ్చి, ఇదియే హోమరు చెప్పిన కథయని భావించుట మన పాఠకలోకమున సాధారణమైనది. ఇలియడ్‌ను తుదిముట్ట చదివినచో ఈ భావము నిలువదు. హోమరు యుద్ధకారణమును వరుసగా కథనము చేయక, పాత్రల నోట వివాదముగా నిలిపెను. ఆయన స్వయముగా వ్రేలు చూపిన తావులు మిక్కిలి తక్కువ. ఆ తావులనే ఇచట పరిశీలింపగోరుచున్నాము.

బంగారు పండు ప్రసక్తి ఇలియడ్‌లో లేదు. పారిస్ తీర్పు 24వ సర్గలో గాని కానరాదు. అదియు రెండు మూడు పంక్తులలో ముగియును. యుద్ధపూర్వ కథలను విపులముగా చెప్పిన కావ్యము సైప్రియా. అది నేడు లభింపదు. ప్రాచీనులు చేసిన సంగ్రహము వలనను, ఇలియడ్ వ్యాఖ్యలలో ఉదాహృతములైన కొన్ని పంక్తుల వలనను దాని స్వరూపము కొంత తెలియుచున్నది. జనబాహుళ్యముచే క్రుంగిన భూమి భారమును తగ్గించుటకై జ్యూసు ఈ యుద్ధమును సంకల్పించెనని ఆ పంక్తుల సారము. భారతము చదివినవారికి భూభారావతరణ కథ ఇచట తప్పక స్ఫురించును. ఈ సామ్యమును బట్టి ఒకరి కథను మరియొకరు గ్రహించిరనుట సాహసము. మహాసంహారమునకు మానవుల రాగద్వేషములను మించిన హేతువును రెండు జాతులును వెదకినవని మాత్రము చెప్పవచ్చును. ఇలియడ్ ఆరంభమున జ్యూసు సంకల్పము పేర్కొనబడినను, భూభారమును గూర్చిన మాట కావ్యమున నెచటను లేదు.

ఇక పాత్రల మాటలను చూతము. 3వ సర్గలో వృద్ధుడగు ప్రయాము హెలెన్‌ను కోట బురుజుపై తన చెంతకు పిలిచి, దోషము నీది కాదు, దేవతలదని ఓదార్చును. హెలెన్ యా మాటను ఆశ్రయింపక తన్ను తాను నిందించుకొనును. 1వ సర్గలో అఖిలీసు, ట్రాయివారు తన పశువులను తోలుకొనిపోలేదనియు, తన పైరులను పాడు చేయలేదనియు, తాను పరుల పగకై వచ్చితిననియు అగమెమ్నానుతో పలుకును. ఆ అగమెమ్నానే 19వ సర్గలో, తాను అఖిలీసునకు చేసిన అపచారమును జ్యూసుపైకిని విధిపైకిని నెట్టును. పుత్రుని విడువలేని తండ్రికి దైవము నెపమైనది. సేనలను నష్టపరచిన నాయకునికిని దైవమే నెపమైనది. నెపము వెదకని వ్యక్తి, లోకము నిందించుచున్న హెలెన్ ఒక్కతెయే. ఇది కవి వ్యాఖ్యానము లేకయే పాఠకునికి తోచునట్లు కూర్పబడినది.

కవి తన మాటగా దోషము చెప్పిన తావులలో రెండింటిని మేము ముఖ్యములుగా తలచుచున్నాము. 5వ సర్గలో ఫెరెక్లసు అను శిల్పి హతుడగును. పారిస్ ఓడలను నిర్మించినవాడితడే. ఆ ఓడలు కీడులకు మొదలైనవనియు, ట్రాయివారికందరికిని, నిర్మించిన తనకును చేటు తెచ్చినవనియు కవి చెప్పును. దేవతల యుద్దేశములు అతడెరుగడు. అతని దోషము తెలియమి.

11వ సర్గలోని ఆంటిమాకసు కథ ఇట్టిది కాదు. పారిస్ ఇచ్చు బంగారమునకాశపడి, హెలెన్‌ను మెనెలాసునకు మరల ఇయ్యరాదని వాదించినవాడితడు. మెనెలాసు ఒడిస్సియసుతో కూడి రాయబారమునకు వచ్చినపుడు, అతనిని అచటనే చంపవలెనని సభలో పలికినవాడును ఇతడే. ఇతని కుమారులిరువురు అగమెమ్నానుకు చిక్కి, తమ తండ్రి యింట కంచు, బంగారము, ఇనుము గలవనియు, వెల గొని ప్రాణములు విడువుమనియు వేడుదురు. తండ్రి పేరు వినినంతనే వారి చావు నిశ్చయమగును. యుద్ధమును కొనితెచ్చిన బంగారము పుత్రుల ప్రాణములను కొనలేకపోయినది.

క్రీ. పూ. 5వ శతాబ్దివాడగు హెరొడోటసు, హెలెన్ ఈజిప్టుననే యుండెననియు, ట్రాయిలో లేదనియు వాదించెను. ఉండినచో ప్రయాము ఒక స్త్రీకై పురమును, పుత్రులను బలి యిచ్చునా యని ఆయన శంక. శంక సహేతుకమే. దానికి సమాధానము ఇలియడ్‌లోనే కలదని మా మతము. 7వ సర్గలో ఆంటీనరు హెలెన్‌ను మరల ఇచ్చివేయుదమని సభలో పలికెను. పారిస్ ధనమిచ్చెదను గాని ఆమెను ఈయననెను. ప్రయాము కొడుకును త్రోసిపుచ్చలేదు. ఇయ్యవలెననుట ట్రాయివారి కోరికయని వార్తాహరుడే గ్రీకుల యెదుట బయటపెట్టెను. హితవు చెప్పువాడుండియు, ప్రజల కోరిక యుండియు పురము నశించుట ఎట్లు సంభవించునో ఈ సభయు, ఆంటిమాకసు బంగారమును చూపుచున్నవి.

ఆంటిమాకసు కథ ఆ వధాఘట్టమునకై అప్పటికప్పుడు కల్పించినదని కొందరు ఆక్షేపింపవచ్చును. కల్పనయే యైనను, దోషమునకు రూపము కల్పింపవలసి వచ్చినపుడు కవికి తోచినది లంచము గొన్న సభాసదుడు. ఇది గమనింపదగినది. దీనిచే పారిస్ దోషము తగ్గదు. తండ్రి పాపమునకు కొడుకులను చంపిన అగమెమ్నాను ధర్మమూర్తియు కాడు.

తరువాతివారు ఈ విచారమును పలు దారుల నడిపిరి. థుసిడిడిసు అగమెమ్నాను బలమును, దాని వలని భయమును కారణములుగా చూపెను. యూరిపిడీసు క్రీ. పూ. 415లో ప్రదర్శితమైన ‘ట్రాయి స్త్రీలు’ నాటకమున హెలెన్‌ను, హెకూబాను మెనెలాసు నెదుట వాదింపజేసెను. ఇన్ని వాదములలోను సామాన్యముగా నిలిచిన పేర్లు హెలెన్, పారిస్, దేవతలు. ఆంటిమాకసు పేరు మరుగుపడినది. స్త్రీని గాని దైవమును గాని నిందించినచో సభలో కూర్చున్నవారికి జవాబుదారితనము తప్పును. హోమరు దానిని తప్పనీయలేదు. కారకుల పట్టికలో ఆ సభాసదునికి చోటీయని విమర్శ, ఇలియడ్ పట్ల అసంపూర్ణమని మా నిశ్చయము.