“కొంచెం” అంటే ఎన్ని గ్రాములు?

సాహిత్య విమర్శ చదువుకున్నాక చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ పాఠ్యంగా చదవడం అలవాటైపోయింది. ఈమధ్య అలా చదివింది మా అక్క షుగర్ నోట్‌బుక్. పద్నాలుగో ఏట ఆమెకి టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. అన్నానికి ముందు, తినబోయే పిండిపదార్థం లెక్కగట్టి అందుకు సరిపడా ఇన్సులిన్ తీసుకోవాలి.

పేజీకి నాలుగు గడులు: సమయం, తిన్నది, గ్రాములు, యూనిట్లు. పొద్దున్న “ఇడ్లీలు మూడు” అని స్పష్టంగా ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం పదేపదే ఒకటే మాట, “కొంచెం అన్నం”. బావ ఎంత తింటాడో, అత్తగారికి ఎన్ని గరిటెలు కావాలో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి తన దగ్గరికొచ్చేసరికి “కొంచెం” అంటుంది. అందరూ లేచాక గిన్నెలో ఎంత మిగులుతుందో ఆమెకి ముందు తెలీదు మరి.

150 గ్రాముల అన్నంలో సుమారు 42 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఎంత పిండిపదార్థానికి ఎంత ఇన్సులిన్ అన్న నిష్పత్తి మనిషిమనిషికీ మారుతుంది. అక్కకి డాక్టరు చెప్పింది 10 గ్రాములకి ఒక యూనిట్. అంటే 4 యూనిట్లు. ఒకరోజు సూది వేసుకున్నాక చుట్టాలొచ్చారు. వాళ్ళకి వడ్డించేసరికి పొద్దుపోయింది, మిగిలింది 70 గ్రాముల అన్నం. దానికి 2 యూనిట్లు చాలు. మిగతా రెండూ ఒంట్లో పని చేస్తూనే ఉన్నాయి. చెమటలు, వణుకు, మాట తడబాటు. ఆ పేజీలో ఆమె రాసుకున్నది: “నా పొరపాటు.”

తిండిని బట్టి మోతాదు మార్చుకోవడం నేర్పితే షుగర్ అదుపూ జీవన నాణ్యతా మెరుగవుతాయని 2002లో బ్రిటన్‌లో వెలువడిన డాఫ్నే అధ్యయనం చూపింది. ఆ పేరుకి అర్థం “మామూలుగా తినడం కోసం మోతాదు సర్దుబాటు”. గంట కొట్టినట్టు, తూచినట్టు తినాలన్న పాత శాసనం నుంచి అది నిజంగానే విడుదల. కానీ మామూలుగా తినడమంటే ఏమిటి? మన ఇళ్ళలో ఆడవాళ్ళకి మామూలు అంటే చివర తినడం, మిగిలింది తినడం. కూడికలూ భాగహారాలూ ఎవరైనా నేర్పగలరు. “నేనింత తింటాను” అన్న మొదటి అంకె మాత్రం ఆమే చెప్పాలి, ఇల్లు వినాలి.

వడ్డనకి ముందే నీ అన్నం తీసి పెట్టుకోవే అక్కా, అంటే “అత్తయ్యగారి ముందా!” అని నవ్వేసింది. పోయిన నెల పేజీలో మాత్రం ఇలా ఉంది: “నా అన్నం 150 గ్రాములు. అందరితో తిన్నాను.” అంతకుముందు ఆ పుస్తకంలో “నా” అన్న మాట పొరపాటుకి మాత్రమే తగిలించి ఉంది.